వాషింగ్టన్ వీలునామా, మా ఊరి బావి

అనంతపురం,
12 సెప్టెంబరు 1963

అవ్వకు విశాలాక్షి నమస్కారాలు.

ఉత్తరం మొదట్లో క్షేమసమాచారాలు రెండు వాక్యాలు మించకూడదని నువ్వు పెట్టిన నియమం గుర్తుంది. హాస్టల్లో అన్నం పరవాలేదు. నా జ్వరం తగ్గింది.

దీనితోపాటు ఒక పుస్తకం పంపుతున్నాను. అమెరికా మొదటి ప్రెసిడెంటు వాషింగ్టన్ జీవితచరిత్ర. మా చరిత్ర మేడమ్ సొంత పుస్తకం. బళ్ళారి మిషన్ బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు తుప్పు పట్టిపోతున్నదని నువ్వు పోయిన సెలవుల్లో అన్నావు. ఎనిమిదేళ్ళుగా పంచాయతీకి ప్రెసిడెంటుగా ఉన్న మనిషికి ఇంతకంటే తగిన పుస్తకం నాకు దొరకలేదు.

ముఖ్యమైన చోట్ల కాగితం ముక్కలు పెట్టాను. చివరి ముక్క ఉన్న అధ్యాయం తప్పకుండా చదువు. రెండు తడవలు పదవి చేశాక, మూడోసారి కూడా ఉండమని అందరూ బతిమాలినా వినకుండా తన పొలానికి తాను వెళ్ళిపోయిన ఘట్టం అది. అప్పటికి ఆయనది దాదాపు నీ వయసే.

మనూరిలో వాన పడిందా? నాయన ఉత్తరాల్లో వేరుశనగ ధర తప్ప ఇంకేమీ ఉండదు.

నీ మనవరాలు
విశాలాక్షి


ఎర్రకొండాపురం,
రాయదుర్గం తాలూకా,
6 అక్టోబరు 1963

చిరంజీవి విశాలాక్షికి అవ్వ ఆశీస్సులు.

పుస్తకం అందింది. వెనుక అట్ట మూల మడతపడి ఉంది. అది నీ చేతిలో జరిగిందా, తపాలాలో జరిగిందా? ఏదైనా మీ మేడమ్‌కు నువ్వే ముందుగా చెప్పు. అరువు వస్తువు వచ్చినట్టే తిరిగి పోవాలి.

వాన లేదు. వేరుశనగకు ఊడలు దిగలేదు. చెట్టు పీకి చూస్తే మట్టి తప్ప ఏమీ రావడం లేదు.

వాషింగ్టన్‌ను సగం దాకా చదివాను. యుద్ధాలు త్వరగా దాటేశాను. సైన్యాధిపతిగా జీతం వద్దని, ఖర్చులకు మాత్రం లెక్క రాసి ఇస్తానని చెప్పిన చోట ఆగాను. చాలామందికి అది గొప్పగా కనబడుతుంది. జీతం వద్దన్న మనిషి ఖర్చుల చీటీలను నేనైతే రెండుసార్లు చూస్తాను. అయినా లెక్క రాసేవాడంటే నాకు కొంత గౌరవమే.

పంచాయతీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. నిన్న చావడి దగ్గర తిప్పయ్య నన్ను ఆపాడు. "ఏమమ్మా, మూడో తూరీ నువ్వేనా?" అన్నాడు. నీకేమైనా అడ్డమా అని అడిగాను. "నాకేం అడ్డం లేదు తల్లీ, నా మోకాళ్ళకే అడ్డం" అన్నాడు. ఎనిమిదేళ్ళుగా అతను బావి నీళ్ళు రోజు విడిచి రోజే పట్టుకుంటాడు. రెండో రోజు వంకలోని చెలమ దాకా నడుస్తాడు. ఆ మోకాళ్ళ నొప్పికి నేనే కారణమని ఊరంతా చెప్పుకుంటాడు.

ఆ బావి పద్ధతి వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవు. నీకు సరిగా తెలిసి ఉండదు కనుక రాస్తున్నాను. అంతకుముందు, తూర్పున చర్చికి పోయే కూలి కుటుంబాల పల్లె ఉన్నదే, ఆ ఆడవాళ్ళు మన మంచినీళ్ళ బావి గట్టు కింద కుండలు పెట్టుకొని నిలబడేవారు. ఊరివాళ్ళలో ఎవరికైనా దయ కలిగితే పైనుంచి పోసేవారు. లేకపోతే లేదు. నేను ప్రెసిడెంటు అయిన వారంలో దాన్ని ఆపించాను. ఇప్పుడు బావిలోకి దిగేది పంచాయతీ బొక్కెన ఒక్కటే. ఒకరోజు ఊరివాళ్ళు తోడి అందరికీ పోస్తారు. మరుసటి రోజు పల్లెవాళ్ళు తోడి అందరికీ పోస్తారు. బిందెలు వరుసలో రావాలి. తోడిన చేయి ఇష్టం లేనివాళ్ళు తిప్పయ్యలాగా చెలమకు పోవచ్చు. ఈ వంతు ఇప్పటి దాకా తప్పలేదు.

నేను దిగిపోతే అది ఎన్ని వారాలు నిలుస్తుంది? ఈ ప్రశ్న వచ్చినప్పటి నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. పుస్తకం చేతిలో పట్టుకొని పడసాలలో నడుస్తూ చదువుతున్నాను. మీ అమ్మకు తల తిరుగుతున్నదట.

మూడోసారి నిలబడాలనే అనుకుంటున్నాను. తర్వాతి ప్రెసిడెంటు పుస్తకం ఉంటే పంపు.

అవ్వ
లలితమ్మ


అనంతపురం,
10 నవంబరు 1963

అవ్వకు నమస్కారాలు.

అట్ట మూల తపాలాలో మడతపడింది. మేడమ్‌కు చెప్పాను. ఆమె నవ్వి ఊరుకుంది. నువ్వైతే ఊరుకునేదానివి కాదని ఆమెకు చెప్పాను.

పోయిన ఆదివారం నాయన మండీ పని మీద వచ్చి హాస్టలుకు కూడా వచ్చాడు. నీ ఆరోగ్యం గురించే ఎక్కువసేపు మాట్లాడాడు. ఎండలో బావి దగ్గర నిలబడి వరుసలు చూడడం, తాలూకా ఆఫీసుకు బస్సుల్లో తిరగడం, ఇవన్నీ ఈ వయసులో ఎందుకని అన్నాడు.

చివరి కాగితం ముక్క దాకా వచ్చావా? ఆయన తనంతట తాను వెళ్ళిపోవడం వల్లనే పదవి మనిషిది కాదని ఆ దేశానికి తెలిసిందని మేడమ్ పాఠంలో చెప్పింది. బతికున్నంత కాలం ఉండిపోయి ఉంటే వాళ్ళకు ఇంకొక రాజు వచ్చినట్టే అయ్యేదట. నాకది చాలా గొప్ప మాటగా తోచింది. నీకు తోచలేదా?

రెండో ప్రెసిడెంటు ఆడమ్స్ చరిత్ర పంపుతున్నాను. పరీక్షల వల్ల నేనింకా చదవలేదు.

విశాలాక్షి


ఎర్రకొండాపురం,
15 డిసెంబరు 1963

చిరంజీవి విశాలాక్షికి,

వాషింగ్టన్ పుస్తకం నీ చివరి కాగితం ముక్క దగ్గర అయిపోలేదు. ఆ తర్వాత ఇంకా పుటలు ఉన్నాయి. వాటి అంచులు అచ్చాఫీసులో విడదీయనే లేదు. వంటింటి కత్తితో నేను విడదీశాను. నువ్వూ చదవలేదు, మీ మేడమూ చదవలేదన్నమాట.

ఆ పుటల్లో ఆయన వీలునామా ఉంది. తన సొంత బానిసలందరికీ స్వేచ్ఛ రాశాడు. ఎప్పటి నుంచి? తన భార్య చనిపోయిన తర్వాతి నుంచి. బతికున్నంత కాలం వాళ్ళ చాకిరీ అనుభవించి, ఇవ్వవలసిన తేదీని ఇంకొకరి చావు మీద వేసి పోయాడు. ఇంటి నిండా ఉన్న మనుషులు తన ప్రాణం ఎప్పుడు పోతుందా అని చూస్తుంటే ఆ ముసలామె అన్నం ఎట్లా తిన్నదో నాకు తెలియదు. ఏడాది తిరిగేసరికి ఆమే వాళ్ళను వదిలిపెట్టింది. భయపడి వదిలిందని రాశారు. అయి ఉండవచ్చు. ఆమె మొదటి భర్త ఆస్తి కింద వచ్చినవాళ్ళు మాత్రం అలాగే ఉండిపోయారు. ఇటువంటి మనిషి వెళ్ళిపోయిన ఘట్టం ఒక్కటే చదివి గొప్ప అనమంటే నేను అనను.

ఆడమ్స్ రెండోసారి పోటీలో ఓడిపోయాడు. కొత్తవాడు ప్రమాణం చేసే రోజున తెల్లవారకముందే బండెక్కి ఊరు విడిచాడు. అది మర్యాద కాదు. కానీ నాకు వాషింగ్టన్ కంటే ఆయన బాగా అర్థమయ్యాడు. తర్వాత కొన్నేళ్ళకు ఆయన కొడుకు కూడా ప్రెసిడెంటు అయ్యాడట. అది చదివిన రోజే నా కొడుకు, అంటే మీ నాయన రామలింగయ్య, నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వు దిగితే ఊరంతా నన్నే అంటాండారు. పోటీ కూడా ఉండదు" అన్నాడు.

బావి సంగతి ఏమిటని అడిగాను.

"పల్లెకు వేరే బావి తవ్విస్తా. నా సొంత దుడ్లతోనే. వాళ్ళకూ మేలే గదా."

"మరి ఈ బావి?"

"ఈ బావి ఊరికి. ఎవురిది వాళ్ళకు. గొడవే ఉండదు."

అతని ముఖంలో కపటం లేదు. తాను చాలా ఉదారంగా మాట్లాడుతున్నానని నమ్ముతున్నాడు. అదే నాకు ఎక్కువ బాధ. పల్లె పక్క నేలలో నాలుగు చేతుల లోతుకే బండ తగులుతుందని అతనికీ తెలుసు. నీళ్ళు పడకపోతే ఆ ఆడవాళ్ళు మళ్ళీ మన గట్టు కింద నిలబడి ఎవరైనా పోస్తారేమోనని చూడాలి. పడినా, ఎవరిది వాళ్ళకు అన్న మాట మిగులుతుంది.

అతన్ని లేచి పొమ్మన్నాను. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో మాటలు మీ అమ్మ ద్వారా నడుస్తున్నాయి.

ఇప్పుడు నువ్వు సూటిగా జవాబు రాయి. ఆ కాగితం ముక్కలు నిన్ను ఎవరు పెట్టమన్నారు?

అవ్వ


అనంతపురం,
3 జనవరి 1964

అవ్వకు,

నాయన పెట్టమన్నాడు.

ఆగస్టులో వచ్చినప్పుడు అడిగాడు. "అవ్వ నా మాట వినదు, పుస్తకం మాట వింటాది. పదవి వదులుకున్న గొప్పోళ్ళ కథ ఏదన్నా ఉంటే పంపు" అన్నాడు. నీకు విశ్రాంతి కావాలని అడుగుతున్నాడనుకున్నాను. పల్లెకు వేరే బావి అన్న మాట నాతో చెప్పలేదు. తెలిసి ఉంటే పెట్టేదాన్ని కాను. చివరి పుటలు చదవకుండానే నీకు నీతి చెప్పబోయాను. సిగ్గుగా ఉంది.

ఇప్పుడు మూడో ప్రెసిడెంటు జెఫర్సన్ చరిత్ర పంపుతున్నాను. ఈసారి చివరి పుట దాకా చదివాను. కాగితాలు పెట్టలేదు. మనుషులందరూ సమానంగా పుట్టారని రాసినవాడు ఆయనే. ఆ వాక్యం రాసిన బల్ల తుడిచినవాడు బానిస అయి ఉంటాడు. ఆయన చనిపోయాక అప్పుల కోసం ఆ మనుషుల్ని వేలం వేశారు. చదివి రెండు రోజులు నాకు పాఠాలు తలకెక్కలేదు. ఆయన మీద కోపం వల్ల అనుకున్నాను. కాదు. ఒక సంగతి గుర్తుకు వచ్చి.

మన వంటింట్లో పెద్ద రాగి గంగాళం ఉంది. ఊరి వంతు రోజున అమ్మ రెండు రోజులకు సరిపడా నీళ్ళు తెచ్చి అందులో పోసి మూత పెడుతుంది. పల్లె వంతు రోజున మన ఇంటి నుంచి బిందె కదలదు. నాకు పదకొండేళ్ళప్పుడు ఒకసారి తెలియక పల్లె రోజున బిందె తీసుకొని గడప దాటబోయాను. నువ్వు పిలిచి "ఈ పొద్దు వద్దులే, ఇంట్లో ఉండాయి" అన్నావు. అంతే అన్నావు. నేను బిందె లోపల పెట్టేశాను. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

తిప్పయ్య చెలమకు నడుస్తాడు. మనం నడవం. అంతే తేడా.

నాయన కొత్తగా ఏమీ ఆలోచించలేదు అవ్వా. మన ఇంట్లో బావులు ఎనిమిదేళ్ళుగా రెండే.

ఇది రాసి చించేశాను. మళ్ళీ రాశాను. నువ్వు కోప్పడినా సరే, ఈసారి మధ్యలో ఆపకూడదనిపించింది.

విశాలాక్షి


ఎర్రకొండాపురం,
20 జనవరి 1964

విశాలాక్షికి,

జెఫర్సన్ పుస్తకం అందింది. చదవలేదు. రేపటి తపాలాలో తిరిగి పంపుతున్నాను. అట్టలు సరిగా ఉన్నాయి.

ఇక పుస్తకాలు పంపవద్దు. జ్వరం వస్తే మాత్రం రాయి.

లలితమ్మ


అనంతపురం,
14 ఫిబ్రవరి 1964

అవ్వకు నమస్కారాలు.

పుస్తకం చేరింది. అట్టలు సరిగానే ఉన్నాయి. చదవలేదని రాశావు. వేలం సంగతి ఉన్న పుటలో పసుపు వేలిముద్ర ఒకటి ఉంది. అది నాదేనని మేడమ్‌కు చెప్పాను.

నాయన ఉత్తరం రాశాడు. ఈసారి వేరుశనగ ధర లేదు. అవ్వ అన్నం సరిగా తినడం లేదని, పడసాలలో ఒకటే నడుస్తున్నదని, నేనేమి రాశానో చెప్పమని అడిగాడు. చెప్పలేదు. నీకు రాసింది నీకే. కానీ రాసినదాన్ని వెనక్కు తీసుకోలేను. ఆ మాట ఇంకొంచెం మెత్తగా రాసి ఉండవచ్చు. దానికి మాత్రం క్షమించు.

పుస్తకాలు వద్దన్నావు కనుక పంపడం లేదు. ఊరికే ఒక సంగతి చెబుతాను. నువ్వు రాసిన ఆ ఆడమ్స్ కొడుకు కూడా రెండోసారి పోటీలో ఓడిపోయాడట. ఇంట్లో కూర్చోకుండా, ప్రెసిడెంటుగా చేసిన మనిషి మామూలు సభ్యుడిగా పోటీ చేసి, గెలిచి, ఆ సభలోనే ముసలివాడయ్యాడు. బానిసత్వం వద్దన్న అర్జీలను సభలో చదవనీయకూడదని నియమం పెడితే, ఏళ్ళ తరబడి లేచి నిలబడి చదువుతూనే ఉన్నాడట. చివరికి ఆ సభలోనే కుప్పకూలాడు. అతన్ని చూస్తే అందరికీ విసుగుగా ఉండేదట. నాకు నువ్వే గుర్తొచ్చావు.

జ్వరం లేదు. అయినా రాశాను.

విశాలాక్షి


ఎర్రకొండాపురం,
22 మార్చి 1964

చిరంజీవి విశాలాక్షికి అవ్వ ఆశీస్సులు.

జవాబు ఆలస్యమైంది. జరిగినవి వరుసగా రాస్తాను.

నువ్వు గంగాళం సంగతి రాసిన ఉత్తరాన్ని మొదటిసారి చదివి మడిచి దేవుడి గూట్లో పెట్టాను. కోపం వచ్చింది. తిప్పయ్యకూ నాకూ తేడా ఏమిటో నీకు రాయడానికి మూడుసార్లు కాగితం తీశాను. పద్ధతి పెట్టింది నేను, పోట్లాడింది నేను, తాలూకా ఆఫీసులో మాటలు పడింది నేను. అన్నీ రాయవచ్చు. కానీ పల్లె రోజున మన ఇంట్లో ఏ నీళ్ళు తాగుతామన్న దగ్గరికి వచ్చేసరికి కలం ఆగేది. ఎన్నిసార్లు కూడినా ఆ మొత్తం మారలేదు.

తర్వాత వాషింగ్టన్ వీలునామా గుర్తుకు వచ్చింది. అందులో నాకు రోత పుట్టించింది ఏమిటి? అంతమంది బాగు ఒక్క మనిషి ఊపిరి మీద వేలాడడం. నేనూ పల్లె నీళ్ళను నా కుర్చీకి కట్టాను. నేను ఉన్నంత కాలం ఉంటాయి, దిగితే పోతాయి. మూడోసారి కూర్చుంటే నాలుగోసారి సంగతి ఏమిటి? నా ఇంట్లోనే నిలవని పద్ధతి నా తర్వాత ఊళ్ళో ఎందుకు నిలుస్తుంది?

పోయిన నెల చివరి మంగళవారం పల్లె వంతు. పొద్దున్నే గంగాళంలో నీళ్ళు దొడ్లో నిమ్మచెట్టుకు పోసి, దాన్ని తోమి బోర్లించాను. మీ అమ్మ భయపడి "ఏమైందత్తా?" అన్నది. ఈ రోజు నీళ్ళు నేను తెస్తానని చెప్పి బిందె తీసుకొని బయలుదేరాను.

బావి దగ్గర పల్లె ఆడవాళ్ళు, ఊరివాళ్ళలో పేద ఇళ్ళ ఆడవాళ్ళు కొందరు ఉన్నారు. నేను వరుసలు చూడడానికి వచ్చానని అందరూ సర్దుకొని నిలబడ్డారు. తోడుతున్నది నల్లమ్మ. పల్లె చర్చి పక్క గుడిసెలో ఉంటుంది, నీకు తెలుసు, మన కళ్ళంలో కూలికి వచ్చేది.

"శెట్టెమ్మా, ఈ పొద్దు మా వంతు. మీది రేపు" అన్నది.

"తెలుసు. పొయ్యి" అన్నాను.

"ఎనిమిదేండ్లుగా తెలీలేదా?" అన్నది.

కోపంగా అనలేదు. నవ్వుతూ కూడా అనలేదు. తాడు లాగుతూనే అన్నది. ఎవరూ ఆమెను వారించలేదు. బిందె గట్టు మీద పెట్టాను. ఆమె అలవాటు కొద్దీ నా బిందెకు బొక్కెన తగలకుండా పైనుంచి పోయబోయింది. అట్లా పోస్తే సగం నేలపాలవుతాయి.

"ఆనించి పొయ్యి. కరువులో నీళ్ళు దండగ చేయరాదు" అన్నాను.

ఒకసారి నా ముఖం చూసి ఆనించింది. ఇంటికి తెచ్చి తాగితే తాగానో లేదో ఎవరికీ తెలియదు. అందుకని అక్కడే దోసిలి పట్టి తాగాను. నీళ్ళు కొంచెం ఉప్పగా ఉన్నాయి. అడుగంటిన బావి నీళ్ళు ఎవరు తోడినా ఉప్పగానే ఉంటాయి.

ఆ నీళ్ళతోనే మీ అమ్మ సంగటి చేసింది. మీ నాయనకు ముందే చెప్పాను, ఇంట్లో వేరే నీళ్ళు లేవని, ఇష్టం లేకపోతే చెలమకు పోవచ్చని. అతను కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. చెలమకు పోలేదు. కాబోయే ప్రెసిడెంటు చెలమ దగ్గర కడవతో కనబడితే ఊరు ఏమంటుందో అతనికి తెలుసు. ఎండలో మండీ బస్తాలు చూసుకొని మధ్యాహ్నానికి వచ్చి పడసాలలో పడుకున్నాడు. సాయంత్రం చూస్తే కూజా ఖాళీగా ఉంది. ఎవరు తాగారని నేను అడగలేదు. మీ అమ్మ చెప్పబోతే వద్దన్నాను.

ఆ తర్వాత ప్రతి పల్లె రోజూ నేను పోతూనే ఉన్నాను. మన వీధిలో కొన్ని ఇళ్ళ బిందెలు కదిలాయి. కొన్ని ఇళ్ళవాళ్ళు నన్ను చూస్తే తలుపు వేసుకుంటున్నారు.

పోయిన గురువారం చావడిలో ఊరు కూడింది. పల్లె పెద్దలు కూడా వచ్చారు. నేను మూడోసారి ప్రెసిడెంటుగా నిలబడనని చెప్పాను. కొడుకుకు ఇచ్చి పోవడానికి అది నా సొత్తు కాదని కూడా చెప్పాను. కావాలంటే అతనే అడుక్కోవాలి. మీ నాయన లేచి తాను నిలబడతానన్నాడు. అందరూ సరే అన్నారు. అప్పుడు పల్లె ముత్యాలప్ప లేచాడు.

"మాకు వేరే బావి అంటివంట గదా అన్నా. నిజమేనా?" అని అడిగాడు.

మీ నాయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఆ జవాబు నేను ఇవ్వకూడదు. అతనే అన్నాడు:

"వద్దులే. ఉండేదే తాగుతాండాం గదా."

"తాగుతాండాం" అన్నాడు, విశాలా. అందరి ముందూ అన్నాడు. తిప్పయ్య వెనక నుంచి, ఆ నీళ్ళు శెట్టి ఇంట్లో పొయ్యి మీదికి ఎక్కినాక ఇంక రెండు బావులు ఎందుకప్పా, నా మోకాళ్ళు బతికినాయి అన్నాడు. జనం నవ్వారు. మీ నాయన నవ్వలేదు.

నేను తూర్పు వార్డు నుంచి మామూలు సభ్యురాలిగా నిలబడతానని అప్పుడే చెప్పాను. మీ నాయన ముఖం నువ్వు చూడవలసింది. నువ్వు రాసిన ఆ ఆడమ్స్ కొడుకును చూసి వాళ్ళ సభ ముఖం కూడా అట్లాగే పెట్టి ఉంటుంది.

మీ నాయన ఈ మాట మీద నిలబడతాడో లేదో నాకు తెలియదు. అలవాటుగా తాగాడా, దాహానికి తాగాడా, ఓట్లకు తాగాడా అదీ తెలియదు. తెలియదు కాబట్టే ఇంకా కూర్చోబుద్ధి కావడం లేదు. పడసాల బండలు నా నడకకే అరిగేట్టున్నాయి. జెఫర్సన్ పుస్తకం మళ్ళీ పంపు. కొన్ని చోట్ల తొందరపడి చదివాను. మరక చేసింది నేనేనని మీ మేడమ్‌కు నిజం చెప్పు.

మొన్న పల్లె వంతు. ఎండకు భయపడి పొద్దెక్కాక పోయాను. ముందుకు పోబోతే నల్లమ్మ తాడు ఆపి, "ఎనక్కి పో శెట్టెమ్మా, వరుస ఉండాది" అన్నది. ఆ నియమం పెట్టింది నేనే కనుక వెనక్కి పోయి చివర నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి నీళ్ళు అడుక్కు పోయాయి. సగం బిందె దొరికింది. రాత్రికి పప్పు మానుకున్నాం.

సెలవులకు ఎప్పుడు వస్తావో రాయి. ఏ రోజు వచ్చినా, ఎవరి వంతైనా, ఇంట్లో నిన్నటి నీళ్ళు ఉండవు. బిందె తీసుకొని పోవలసి ఉంటుంది.

అవ్వ
లలితమ్మ